కూలి పట్టీలో లేని చేతులు

చిరంజీవి మేనల్లుడికి,

బెంగళూరు ఉద్యోగం వదిలేసి చేనేత సంఘం బాధ్యత నెత్తికెత్తుకున్నావని తెలిసి ఇంట్లో అందరికీ సంతోషం. మీ అత్తకు మాత్రం కొంచెం బెంగ. ఇరవై ఏళ్ల కుర్రాళ్లనూ డెబ్బై దాటిన అవ్వలనూ ఒకే కప్పు కింద ఎలా నడపాలని అడిగావు. పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మన ఊళ్లో మాత్రం ఇది ప్రతి ఇంటి వసారాలో కనబడే సంగతే.

ధర్మవరంలో మగ్గం మీద ఒక్క మనిషే నేస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ మగ్గం వెనక మూడు తరాలుంటాయి. అవ్వ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతుంది. కోడలు అచ్చు అతుకుతుంది. కొడుకు గుంతలో కాళ్లు పెట్టి నేస్తాడు. మనవడు జాకార్డు డిజైను కంప్యూటర్‌లో గీయించుకొస్తాడు, చీర దిగగానే ఫోటో తీసి వాట్సాప్‌లో కొట్లకు పంపుతాడు. కూలి మాత్రం చీర లెక్కన, నేసినవాడి పేరనే వస్తుంది.

అచ్చు అతకడం ఎప్పుడైనా దగ్గర కూర్చొని చూశావా? పాత పడుగు చివరలనూ కొత్త పడుగు మొదళ్లనూ ఎదురెదురుగా పెట్టుకొని, వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకొని, పోగుకు పోగు మెలిపెడతారు. ముడి వేయరు. ముడేస్తే అచ్చు పళ్లలో ఇరుక్కుంటుంది. ఇలా వేల పోగులు. ఒక్క పోగు తప్పినా ఆ లోపం చీర పొడవునా గీతలా కనిపిస్తుంది. ఈ పని చేసే ఆడమనిషిని అడిగి చూడు, ‘ఇంట్లో ఖాళీగానే ఉంటాను’ అంటుంది!

ఆమె అన్నదే లోకం కూడా నమ్మింది. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35.22 లక్షల మంది. వాళ్లలో నేసేవాళ్లు 26.73 లక్షలైతే, మిగతా దాదాపు 8.5 లక్షల మంది నేతకు ముందూ వెనకా ఉండే పనులు చేసేవాళ్లు. మొత్తం మీద ఆడవాళ్లే 72 శాతం. అయినా మన లెక్కలన్నీ మగ్గం చుట్టూనే తిరుగుతాయి. 2019 డిసెంబరు 21న ఈ ధర్మవరంలోనే మొదలైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలిచ్చింది. మంచి పనే. కానీ అక్కడ కూడా అర్హత మగ్గానికే, చేతులకు కాదు.

పొరుగింటికి కండెలు చుట్టే అవ్వకు ఎలాగూ కూలి ముడుతుంది. సొంతింట్లో చుట్టే అవ్వకే ఏమీ రాదు. పట్టీలో ఆమెకు విడిగా రాస్తానంటే నేతగాడు గొణుగుతాడు, డబ్బంతా ఒకే ఇంటికి కదా వచ్చేది అని. ఒకే ఇంటికే, కానీ ఎవరి చేతికన్నది చూడాలి కదా. మందుబిళ్లలకు కొడుకు ముందు చేయి చాపే మనిషికి ఆ తేడా బాగా తెలుసు. మన దగ్గర పెద్దవాళ్లకు మర్యాద దండిగా దొరుకుతుంది, డబ్బులే దొరకవు.

ఇక చూపు సంగతి. నలభై దాటితే దగ్గరి చూపు మందగిస్తుంది. పని నెమ్మదిస్తే ‘ముసలిదైపోయింది’ అంటారు గానీ, కళ్లద్దాల మాట ఎవరికీ తట్టదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూశారు. ఇవ్వనివాళ్లతో పోలిస్తే వాళ్ల పని దాదాపు 22 శాతం పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. సంఘం తరఫున ఒక బండి మాట్లాడి అందరినీ పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి తీసుకెళ్లు. అక్కడ కంటి వైద్యం ఉచితం.

అద్దాలే కాదు, పనిచేసే చోటు కూడా వయసుకు తగ్గట్టు మారాలి. జర్మనీలోని డింగొల్ఫింగ్‌లో బీఎండబ్ల్యూ కంపెనీ 2007లో ఒక ఉత్పత్తి లైనును సగటు వయసు 47 ఉండేలా మనుషులతో నింపింది. ఏం మార్చాలో పనివాళ్లనే అడిగారు. చెక్క నేల, కూర్చోడానికి ఎత్తు కుర్చీలు, భూతద్దాలు ఇలా 70 దాకా చిన్న మార్పులు జరిగాయి. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. మన గుంత మగ్గాల దగ్గర ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా? వాన కోసం ఆకాశం వైపు చూసే ఈ జిల్లాలో, వానొస్తే గుంతలో చెమ్మ చేరి పని ఆగిపోతుందని భయపడేది నేతగాళ్లే. నడుము నొప్పికి తోడు ఆ తడి. నువ్వైనా అడుగు.

మగ్గం వదిలి వెళ్లే కుర్రాళ్ల మీద కోపం పెంచుకోకు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి జీతం వచ్చే పని కళ్లెదురుగా ఉంటే, చీర అమ్ముడయ్యాక చూద్దామనే పనికి ఎవడు వస్తాడు? వాణ్ణి నిలబెట్టాలంటే వాడికి తెలిసిన పని అప్పగించు. పవర్‌లూమ్ చీరను చేత్తో పట్టుకోగానే కనిపెట్టే తాత పక్కన వాణ్ణి కూర్చోబెట్టు. అంచుల్లోని సన్నని సూది గాట్లు తాత చూపిస్తాడు, వాడు వీడియో తీసి కొనేవాళ్లకు చూపిస్తాడు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గాక అదే తోలు, అవే చిల్లులు, అవే రంగులతో లాంపుషేడ్లు చేసి బతుకుతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పెద్దల చేతిపని, ఇప్పటి గిరాకీ కలిశాయి కాబట్టే ఆ ఊరి పేరు ఇంకా వినబడుతోంది.

పగ్గాలు అప్పగించే మాట కూడా చెప్పాలి. 1969లో అనంతపురంలో విసెంట్ ఫెర్రర్ పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, 2009 జూన్‌లో ఆయన పోయాక ఆగిపోలేదు. ఏళ్ల తరబడి ఆయన పక్కనే పనిచేసిన అన్నే ఫెర్రర్, కొడుకు మాంఛో ఫెర్రర్ ముందుండి నడిపించారు. మీ సంఘం పాత గుమాస్తాను సన్మానం చేసి ఇంటికి పంపే తొందర పెట్టుకోకు. ఒక ఏడాది పక్కన కుర్రాణ్ణి పెట్టి లెక్కలన్నీ ఇద్దరి చేతా రాయించు.

ఆడవాళ్ల పేర విడిగా రాసే అదనపు కూలికి డబ్బెక్కడిదని అడుగుతావు. మనవడు ఫోనులో నేరుగా అమ్మిన చీరకు మధ్యవాళ్ల వాటా మిగులుతుంది కదా, మొదట అందులోంచే తియ్యి. ఈ నెలాఖరు పట్టీలో కండెలు చుట్టే అవ్వకో గడి, అచ్చు అతికే అమ్మకో గడి గీసి, పేర్లు రాసి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వు. ఆ పట్టీ నకలొకటి మామకు పంపు.