ఆయిల్ డబ్బులు మిగల్చకు, చిన్నా

చిరంజీవి చిన్నాకి,

 

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లో నీ మాటలకన్నా వెనకాల నీ పజెరో టాపెట్ సౌండే నాకు ఎక్కువ వినిపించింది. "పొద్దున్నే కాసేపు కొట్టుకుని ఆగిపోతుందిలే" అన్నావు. మెసేజ్ అయ్యేదాకా ఆగలేదురా. పైగా సర్వీసింగ్ వాయిదా వేసి ఆ డబ్బు ఇంటికి పంపావని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ చప్పుడు వచ్చేది రాకర్ దగ్గర. రాకర్ అంటే మన ఏతం లాంటిదే. ఒక కొసను క్యామ్ ఎత్తితే రెండో కొస వాల్వుని కిందికి నొక్కుతుంది. నీ మూడు లీటర్ల వి6లో ఆ రెండో కొసలో చిన్న హైడ్రాలిక్ అడ్జస్టర్ ఉంటుంది. ఆయిల్ నిండితేనే అది సందు మూస్తుంది. ఆయిల్ తగ్గినా, మడ్డి కట్టినా లోపలికి గాలి చేరి సందు పడుతుంది, రాకర్ వాల్వు నెత్తిన టకటకా కొడుతుంది. అలాగే తిప్పితే రాకరూ, క్యామూ రెండూ పాడవుతాయి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నప్పుడు అంబాసిడర్లకి ఈ అడ్జస్టర్ సదుపాయం లేదు. ఎనిమిది వాల్వులకీ ఫీలర్ గేజ్ పెట్టి సందు మేమే కట్టాలి. మా మేస్త్రి తొమ్మిది లెక్క నేర్పాడు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది కట్టాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. అన్నం క్యారేజీ విప్పుతున్నా లెక్క అడిగేవాడు, జవాబు చెప్పాకే ముద్ద ఎత్తనిచ్చేవాడు. ఇంతకీ నువ్వు వేళకి తింటున్నావా? ఖుబ్బూస్ రొట్టెతో సరిపెట్టకు, అన్నం వండుకో.

ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు ఇంకా కాలేదంటావు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని ఆపాలని మీ ఖతార్‌లో రూలు. ఆ వేళంతా బండిలో ఏసీ వేసుకుని కూర్చుంటావు. కూర్చో, ఒళ్ళు ముఖ్యం. కానీ మీటరు కదలకపోయినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువ, పైన 45 డిగ్రీల ఎండ, దానికి తోడు షమాల్ గాలి దుమ్ము. అందుకే వేసవిలో 5,000 కిలోమీటర్లు దాటనివ్వకు, ముందే మార్చినా మంచిదే. వారానికోసారి డిప్‌స్టిక్ చూడు.

సనాయా మెకానిక్ షెడ్లలో ఎవరో చిక్కటి ఆయిల్ పొయ్యమన్నాడట. వద్దు. చప్పుడు కొన్నాళ్ళు అణిగినా అడ్జస్టర్ బాగుపడదు, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆ ఆయిల్ పైకి ఎక్కడమూ ఆలస్యమే. కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడే పొయ్యి. ఫిల్టర్ కూడా మార్చి, ఇంజను వేడెక్కాక 3,000 ఆర్‌పీఎం దాకా నెమ్మదిగా పెంచి దించు. నాలుగైదు సార్లు అలా చేస్తే గాలి పోతుంది. అప్పటికీ కొడితే టాపెట్ కవర్ విప్పించి పక్కనే నిలబడు. రాకర్ షాఫ్ట్ ఎత్తగానే అడ్జస్టర్లు జారిపోతాయి, ముందే పట్టి ఉంచమను. ఏ రాకర్ ఎక్కడిదో అక్కడికే వెళ్ళాలి. బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

నాన్నా, ఇంటికోసం నువ్వు కడుపు కట్టుకుంటున్నావని నాకు తెలుసు. ఈ నెల తక్కువ పంపు. ఈ వారంలోనే ఆయిల్ మార్పించు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
మామయ్య