సేవ్ చేశాక పోయిన మాటలు

మీలో చాలామంది ఇప్పుడు ప్రాజెక్టులు కంప్యూటర్‌లోనే రాస్తున్నారు. మాకు జరిగింది మీకు జరగకూడదని ఈ నాలుగు మాటలు.

పీజీ ప్రాజెక్టు కోసం మేమిద్దరం ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తిరిగి మగ్గం మాటలు సేకరించాం. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరది. పడుగు, పేక, నాడె వంటి మాటలు పెద్దల నోట విని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో టైపు చేశాం. ‘వాడు’ అన్నచోట ‘ఆయన’ అని ఉంటే మర్యాదగా ఉంటుందనుకుని, ‘రీప్లేస్ ఆల్’ ఒక్క నొక్కు నొక్కాం. సేవ్ చేశాం. ఇంకేవో రెండు తప్పులు దిద్ది మళ్లీ సేవ్ చేసి మూసేశాం.

మర్నాడు చూస్తే ‘వాడుక’ కాస్తా ‘ఆయనక’ అయింది. ‘వాడుతారు’ అన్నది ‘ఆయనతారు’! తిరగేసి మారుద్దామంటే, ముందునుంచీ ఉన్న అసలు ‘ఆయన’లు కూడా ‘వాడు’ అయిపోతాయి.

బ్యాకప్ పెట్టుకున్నాంలే అనే ధీమా ఉండేది. పెట్టుకున్నది ‘సింపుల్ బ్యాకప్’. అది సేవ్ చేసే ముందున్న ఫైలును .బాక్ అనే ఒకే కాపీగా ఉంచుతుంది. రెండోసారి సేవ్ చేయగానే ఆ కాపీలోకి కూడా మా తప్పే వచ్చి కూర్చుంది. పుస్తకంలో రాసుకోని మాటల కోసం మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాం. మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు కాబట్టి, బస్సు చార్జీలకు ఇంట్లో ఏం చెప్పాలో కూడా తెలియలేదు.

సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, బ్యాకప్ దగ్గరికి వెళ్లి ‘వెర్బోస్ బ్యాకప్’ ఎంచుకోండి. సేవ్ చేసిన ప్రతిసారీ పాత ఫైలు తేదీ, సమయం పేరులో చేరి వేరే కాపీగా నిలుస్తుంది. ఈమ్యాక్స్‌లోనూ ఇలా 1, 2, 3 అని అంకెలు వేసి ఉంచుకోవచ్చు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1977లో డిజిటల్ కంపెనీ ప్రకటించిన వి.ఎం.ఎస్.లో ఫైలు పేరు చివరే వెర్షన్ అంకె ఉండేది.

అక్కడే ‘సెషన్ స్నాప్‌షాట్’ అని ఇంకొకటి కనబడుతుంది. అది సేవ్ చేయని రాతను కరెంటు పోయినప్పుడు కాపాడేది. తప్పును సేవ్ చేసేస్తే దానివల్ల లాభం లేదు.

కాపీలు మామూలుగా అసలు ఫైలు పక్కనే ఒక ఫోల్డరులో చేరతాయి. పెన్‌డ్రైవ్ పోతే అన్నీ పోతాయి కనుక వేరే డిస్కులో చోటు చూపించండి. పాత ఫైలు ఏదైనా తెరిచి, చిన్న మార్పుతో మూడుసార్లు సేవ్ చేసి చూడండి. మూడు కాపీలు కనబడాలి.