మన ఆఫీసుని ఒకసారి నవలలా చదువుకుందామా?

సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కుతాం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగేదాకా మనసు ఎక్కడుంటుంది చెల్లీ? పొద్దున మీటింగులో మేనేజరు అన్న ఒక్క మాట దగ్గరే కదా! అందరి ముందూ నన్నే ఎందుకన్నాడు, నేనేం తక్కువ చేశాను? కుక్కర్ పెడుతున్నా అదే, పిల్లల హోంవర్కు చూస్తున్నా అదే. ఇంట్లోవాళ్ళు "ఏమైంది?" అంటే "ఏం లేదు" అంటాం. ఇంత చిన్న మాటకి ఇంత బాధేమిటని మళ్ళీ మనమీద మనకే కోపం. అలా కోప్పడకు. రోజులో సగం గడిపే చోట మాటపడితే ఎవరికైనా నొప్పే.

ఇలాంటి రోజుల కోసం నీ బ్యాగులో ఒక పుస్తకం పెడతాను, కాదనకు. ఆఫీసు మీద రాసిన హాస్య నవల. "రోజంతా ఆఫీసులో ఉండి, మళ్ళీ ఆఫీసు గురించే చదవాలా అక్కా?" అంటావేమో. అందుకే చదవాలి. మన ఆఫీసులో మనం భయపడతాం, పక్కవాళ్ళ ఆఫీసులో నవ్వగలం. అలా నవ్వుతూ నాలుగు పేజీలు చదివేసరికి మన ఆఫీసూ దాదాపు అలాగే కనిపిస్తుంది.

పి.జి. వుడ్‌హౌస్ పేరు విన్నావుగా. ఆయనా మనలాగే ఇష్టం లేని ఉద్యోగం చేసినవాడే. వాళ్ళ నాన్నగారు హాంకాంగ్‌లో పనిచేశారు, పింఛను రూపాయల్లో వచ్చేది. రూపాయి విలువ నిలకడగా లేక కొడుకుని ఆక్స్‌ఫర్డ్‌కి పంపలేకపోయారు. అలా 1900లో లండన్‌లో హాంకాంగ్ షాంఘై బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. రెండేళ్ళపాటు పగలు లెడ్జర్లు, రాత్రి కథలు. 1902లో మానేశాడు. 1910లో ఆ అనుభవమంతా 'స్మిత్ ఇన్ ది సిటీ' అనే నవలగా వచ్చింది. స్పెల్లింగులో ముందు ఒక 'పి' ఉంటుంది, పలకరు. షాపులో అడిగేటప్పుడు ఆ సంగతి చెప్పు, లేకపోతే దొరకదు.

అందులో మైక్ అనే కుర్రాడికి క్రికెట్ తప్ప మరో ధ్యాస లేదు. నాన్న డబ్బు పోగొట్టుకోవడంతో బ్యాంకులో ఉత్తరాల సెక్షన్‌లో పడతాడు. అక్కడి పెద్దసారు రోసిటర్ ఊరికే చిరాకుపడే మనిషి. మైక్ స్నేహితుడు స్మిత్ ఏం చేస్తాడో తెలుసా? ఆయనకి మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణమని కనిపెట్టి, ఆ కబుర్లే మాట్లాడతాడు. అంతే, చిరాకు మనిషి కాస్తా స్నేహితుడైపోతాడు. మన సెక్షన్‌లో గసిరే ఆవిడకీ ఏదో ఒక ఇష్టం ఉంటుంది కదూ? పాత ఘంటసాల పాటలో, డాబా మీద గులాబీ కుండీలో. రేపు ఫైలు తీసుకెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆ మాట కదుపు. కాకా పట్టమనడం లేదమ్మా, మనిషిని చూడమంటున్నాను.

ఇంతకంటే లోతైన దిగులు మరొకటుంది, ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని. హెచ్.ఆర్. నుంచి మెయిల్ వస్తే చాలు, ఈఎంఐ గుర్తొచ్చి గుండె జారుతుంది. ఆ భయానికి జాషువా ఫెర్రిస్ రాసిన 'దెన్ వి కేమ్ టు ది ఎండ్' చదువు. 2007లో వచ్చింది. చికాగోలో ఒక ప్రకటనల కంపెనీ, ఒక్కొక్కరినీ తీసేస్తుంటారు. కథ చెప్పేది ఏ ఒక్కరో కాదు, ఆఫీసంతా ఒకే గొంతుతో చెబుతుంది. ఉద్యోగం పోయినవాడి మంచి కుర్చీని మిగిలినవాళ్ళు గుట్టుగా మార్చేసుకుంటారు. కుర్చీలకి నంబర్లుంటాయి, లెక్క చూసే ఆవిడ పట్టుకుంటుందేమోనని హడలి చస్తారు. నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే ఆ మనుషుల భయమంతా తెలుస్తుంది. పై అధికారి లిన్ మేసన్‌కి రొమ్ము క్యాన్సరట అని ఒకటే గుసగుసలు. పుస్తకం మధ్యలో, ఆపరేషన్‌కి ముందు రాత్రి ఆవిడ ఒంటరిగా ఎలా గడిపిందో ఒక అధ్యాయం ఉంది. అది చదివాక నాకు పై అధికారుల మీద కోపం పూర్తిగా పోలేదు గానీ, వాళ్ళూ ఇంటికెళ్ళి నిద్రపట్టక దొర్లుతారన్న ఎరుక వచ్చింది. నీకూ వస్తుంది.

రావిశాస్త్రి గారి 'అల్పజీవి' కూడా చదువు, కానీ దిగులుగా ఉన్న రోజున మాత్రం వద్దు. అందులోని గుమాస్తా సుబ్బయ్య భయం మనల్ని కూడా పట్టుకుంటుంది. సెలవురోజు మధ్యాహ్నం, ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు తియ్యి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను, విను. నవ్వి ఊరుకోకూడనివి ఉంటాయి. ఒంటి మీద చెయ్యి వేస్తే, రోత మాటలు అంటే, "ఆయనంతేలే" అని సర్దుకోవద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు రాసి ఇవ్వాలి. కారణం సరైనదైతే కమిటీ ఇంకో 3 నెలల వరకు గడువు ఇవ్వగలదు. పదిమంది కూడా లేని చిన్న ఆఫీసైతే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. తేదీలూ మెసేజ్‌లూ దాచుకో. ఒక్కదానివే వెళ్ళకు, తోడు తీసుకెళ్ళు.

మిగతావన్నీ మాత్రం రాయి. అవును, నువ్వే! ఆడవాళ్ళకి హాస్యం రాదనేవాళ్ళకి భానుమతి గారి 'అత్తగారి కథలు' ఎప్పుడో జవాబు చెప్పాయి. పొత్తూరి విజయలక్ష్మి గారి 'ప్రేమలేఖ' నవలేగా 1984లో జంధ్యాల గారి చేతిలో 'శ్రీవారికి ప్రేమలేఖ' అయింది! 1966లో మన సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చిన దగ్గర్నుంచీ ఎంతమంది ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాతో ఆఫీసులకి నడిచారో! ఇప్పుడు ఎం.ఎం.టి.ఎస్.లో వేలాడుతూ హైటెక్ సిటీకి వెళ్ళేవాళ్ళు ఎంతమందో! వీళ్ళందరి నవ్వులతో మన ఊరి నవల ఒకటి కావాలని నాకెంత ఆశో చెప్పలేను.

నవల అనగానే భయపడకు. ఆదివారం సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని అరగంట కూర్చో. ఒక్క పేజీ చాలు. ఆఫీసు లాప్‌టాప్‌లో అస్సలు రాయొద్దు, టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పేర్లు మార్చు, ఊతపదాలు కూడా మార్చు, లేకపోతే దొరికిపోతాం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, మీ ఫ్లోర్‌లో ఏసీ రిమోట్ ఎవరి దగ్గరుంటుందో, అది వాళ్ళ చేతికి ఎలా వచ్చిందో, దాంతో మొదలుపెట్టు.