పాత వాద్యాలు – రవాణా నష్టం – బీమా తగవు

మన కళాశాలలో ఉర్దూ చదివేవారికీ, తెలుగు చదివేవారికీ సమానంగా తెలిసిన మాటలలో రసీదు, బీమా అనేవి రెండు. ఫారసీలో 'రసీదన్' అనగా చేరుట. 'బీమ్' అనగా భయం. విలువైన వస్తువును దూరం పంపేటప్పుడు కలిగే భయమే బీమా వ్యాపారానికి మూలమని ఆ మాటే చెబుతున్నది. ఆ భయం ఎంత న్యాయమైనదో నాకు ఒక హార్మోనియం తెలియజేసినది.

కోదాడలో మా మేనమామగారు ఖవ్వాలీ పాడుతారు. వారి వద్ద తండ్రిగారి నాటి హార్మోనియం ఒకటి ఉండేది. ఈ వాద్యం 1840 ప్రాంతంలో ఫ్రాన్సులో పుట్టినది. నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఆడిస్తూ వాయించే రూపాన్ని దానికిచ్చినది కలకత్తా. 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి దీనిని వెలివేసినా, దర్గాల ముంగిట, పద్య నాటక రంగస్థలాలపై దీని స్థానం చెదరలేదు.

దానిని మరమ్మతుకై హైదరాబాదు పంపవలసి వచ్చి, మామూ సూర్యాపేటకు తెచ్చి నాకు అప్పగించారు. లారీ ఆఫీసులో గుమాస్తా "విలువ ఎంత వ్రాయమంటారు సార్?" అన్నాడు. పాత హార్మోనియమే కదా అని 500 రూపాయలు అని చెప్పినది నేనే. కిరాయి 240 రూపాయలు. పెట్టె హైదరాబాదు చేరేసరికి తిత్తి చిరిగి, రీడ్లు బిగించిన పలక నిలువునా చీలి ఉన్నది. ఆ స్వరం మరల రాదని మరమ్మతు చేసే ఉస్తాదు చెప్పివేశాడు.

అప్పుడు చట్టం చదివాను. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం రవాణాదారు నిర్లక్ష్యాన్ని మనం నిరూపించనవసరం లేదు. ఇది మనకు మేలే. కాని ఎక్కువ నష్టభయానికి తగిన అధిక కిరాయి కట్టనిచో, అతని బాధ్యత కిరాయికి పదింతలకు మించదు. మనం వ్రాసిన విలువనూ దాటదు. 240కి పదింతలు 2400. నేను వ్రాసినది 500. కనుక 500 మాత్రమే! బుక్ చేసిన నాటి నుండి 180 దినాలలో లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వనిచో అదీ దక్కదు.

సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు. మిర్యాలగూడకు ఉన్నది. అయితే రైల్వేవారి లెక్క మరీ విచిత్రం. విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టని సరకుకు 1990 నాటి నియమాలు కిలోకు 50 రూపాయల పరిమితి విధించినవి. అనగా పన్నెండు కిలోల హార్మోనియం 600 రూపాయలు. బియ్యపు మిల్లుల ఊరిలో సంగీతాన్ని కూడా తూకం వేయడం వింత కాదేమో!

బీమా చేయించి ఉంటే తగవు తీరేదా? అంత సులభం కాదు. సరకుల రవాణా బీమాకు ఆధారమైన 1963 నాటి సముద్ర బీమా చట్టం సాధారణ అరుగుదలను, వస్తువు స్వభావం వలన కలిగే చెడుపును మినహాయించినది. బొబ్బిలి వీణను ఉదాహరణగా తీసుకొనండి. పనసమానుతో చేసిన ఆ వీణపై ఇరువది నాలుగు మెట్లు మైనంలో నిలిచి ఉంటాయి. మే నెల ఎండలో లారీలో మైనం కరిగి మెట్లు కదిలితే, అది ప్రయాణంలో జరిగిన నష్టమని మనం, మైనం స్వభావమని బీమావారు వాదిస్తాము. ప్యాకింగు చాలలేదనేది వారి రెండవ ఆయుధం.

విలువను గూర్చిన తగవు ఇంకా కఠినమైనది. ఇది రవాణాలో జరిగినది కాకపోయినా చెప్పదగినది. 2015లో విడుదలైన 'ది హేట్‌ఫుల్ ఎయిట్' అనే ఆంగ్ల చిత్రానికి మార్టిన్ గిటార్ మ్యూజియంవారు 1870ల నాటి గిటారును ఎరువిచ్చారు. నకలు అనుకొని నటుడు దానిని పగులగొట్టాడు. బీమా వలన మ్యూజియానికి అందినది కొన్న ధర. గిటారు మాత్రం బాగుచేయరానిదైపోయినది. వారసత్వంగా వచ్చిన వాద్యానికి ఆ కొన్న ధర కాగితం కూడా ఉండదు కదా.

కనుక పంపడానికి ముందే, వాద్యాలు తెలిసిన పనివానిచేత విలువ వ్రాయించి, ఫోటోలు తీయించి, ఆ విలువను పాలసీలోనే ముందుగా నిర్ణయింపజేయవలెను. అట్టి పాలసీలో మోసం లేనంతవరకు ఆ అంకెపై తరువాత వివాదం ఉండదు. సరకు అందుకొనేటప్పుడు పెట్టె తెరచి చూచి, నష్టమున్నచో అక్కడి కాగితంపైనే వ్రాసి సంతకం చేయవలెను. సర్వేయరు వచ్చి చూచేవరకు మరమ్మతు చేయించరాదు, అట్టపెట్టెను కూడా పారవేయరాదు. బీమావారు నిరాకరిస్తే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. వినియోగదారుల కమిషన్‌కు రెండేండ్లలోగా వెళ్ళవచ్చును.

మా విషయంలో లారీ ఆఫీసువారు పేచీ లేకుండానే 500 రూపాయలు చెల్లించారు. కోదాడ వెళ్ళి ఇచ్చాను. మామూ లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకొని, "జాన్‌పహాడ్ ఉర్సుకు హార్మోనియం ఎవరి దగ్గరైనా దొరుకుతుందా, బేటా?" అని అడిగారు.