మందుతో పాటు మీరూ

సైకియాట్రీ ఓపీలో డాక్టరు గారు "నిద్ర పడుతోందామ్మా?" అని పిల్లనడిగితే జవాబు నాన్న నోట్లోంచి వస్తుంది. "రాత్రి రెండింటి దాకా ఫోనేనండీ." ఆ వెంటనే అమ్మ అందుకుంటుంది. పదహారేళ్ల పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూచుంటుంది. కాస్త ఆగండి. మీరు చెప్పాల్సింది తర్వాత చెప్పొచ్చు. పిల్లతో విడిగా మాట్లాడతానని డాక్టరంటే నొచ్చుకోకుండా బయటికి రండి.

భయమేస్తే పరుగెత్తుకెళ్లడానికి ఒక మనిషి ఉందన్న ధీమా ఉంటేనే బిడ్డ ధైర్యంగా అడుగేస్తుందని బ్రిటిష్ సైకియాట్రిస్టు జాన్ బౌల్బీ చెప్పాడు. టీనేజీలోనూ అంతే. కాకపోతే ఇప్పుడు ఒళ్లోకి రాదు, తలుపేసుకుంటుంది, "నీకేం తెలీదు" అంటుంది. రాత్రి పదింటికి వంటగదిలోకొచ్చి ఊరికే ఫ్రిజ్ తెరిచి నిలబడిందా, మాట్లాడ్డానికే వచ్చిందనుకోండి. మార్కుల ఊసెత్తకండి. గిన్నెలు సర్దుకుంటూ వినండి.

అండగా ఉండటమంటే భయపడే ప్రతి పనీ తప్పించడమనుకుని పప్పులో కాలేస్తాం. కాలేజీకి వెళ్లనంటే జ్వరమని లెక్చరర్‌కి మెసేజ్ పెట్టేస్తాం. "నాకేం కాదు కదా?" అని గంటకోసారి అడిగితే గంటకోసారి "ఏం కాదులే" అంటాం. ఆ పూటకి భయం తగ్గుతుంది, మర్నాడు ఇంకాస్త పెరుగుతుంది. అమెరికాలోని యేల్‌లో ఎలీ లెబోవిట్జ్ బృందం ఈ సర్దుబాట్లు తగ్గించుకోవడం తల్లిదండ్రులకే నేర్పింది. పిల్లలకి నేరుగా థెరపీ ఇస్తే ఎంత ఫలితం వచ్చిందో దీనికీ అంతే వచ్చిందని 2020లో ప్రకటించారు. ఆ అధ్యయనంలో ఉన్నది 7–14 ఏళ్ల పిల్లలు. మీ బిడ్డ విషయంలో ఏది, ఎంత నెమ్మదిగా మానాలో డాక్టరుతో మాట్లాడుకోండి. ఉన్నట్టుండి చేతులెత్తేయడం మాత్రం వద్దు. "భయంగా ఉందని తెలుసమ్మా, తట్టుకోగలవనీ తెలుసు. గేటు దాకా నేనొస్తా" అంటే చాలు.

మాత్రలు మొదలెట్టిన వారానికే "ఏం మార్పు లేదు" అని మానేయించకండి. ఆందోళనకి తరచూ రాసే ఎస్సెస్సారై మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో చిరాకు, అస్థిమితం పెరిగినట్టనిపిస్తే అదే రోజు డాక్టరుకి చెప్పండి. మాత్రల పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి.

ఆస్పత్రిలో చేర్చాల్సొస్తే, వదిలేసి పోతారేమోనన్న బెంగ పిల్లకుంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లని పెద్దవాళ్లతో కలపకుండా విడిగా ఉంచాలి. ఉన్నన్నాళ్లూ తల్లో తండ్రో, వాళ్లు ఏర్పాటు చేసిన మనిషో తోడుండాలి; ఆడపిల్లకైతే తోడుండేది ఆడమనిషే కావాలి. ఆ సంగతి ముందే చెప్పండి. చుట్టాలకి చెప్పడం, మానడం మీ ఇష్టం. పిల్ల ముందు గుసగుసలొద్దు.

చచ్చిపోవాలనుందని బిడ్డ అంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా కట్టక్కర్లేదు.