పాదాలు కడిగే పరిచర్య
(వాలంటీర్ల పాఠం)

వాక్యభాగాలు: మార్కు 1:40–45, యోహాను 13:1–17, మత్తయి 25:31–46



మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల సంఘాల నుండి రోగులను దర్శించే వాలంటీర్లు మొదట ఎంతో ఉత్సాహంగా వస్తారు. కొన్ని వారాలు గడిచాక కొందరికి ఒక ప్రశ్న పుడుతుంది: "మేము డాక్టర్లము కాము, బోధకులము కాము. పండ్లు ఇచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చొని వస్తున్నాము. ఇది దేవుని సేవేనా?" జవాబు దొరకనివారు మెల్లగా రావడం మానేస్తారు. అందుకే ఈ పాఠం.

1. ప్రభువు చేసిన పని

కుష్ఠరోగిని బాగుచేయడానికి ప్రభువుకు ఒక్క మాట చాలు. అయినా చేయి చాపి ముట్టుకున్నాడు. చివరి రాత్రి శిష్యుల పాదాలు కడిగాడు. అది ఇంటి దాసులు చేసే పని. మత్తయి 25లో కుడివైపు నిలిచినవారికి తాము ప్రభువుకే సేవ చేశామని తెలియదు. ఎదుట ఉన్న మనిషి అవసరం చూశారు, తీర్చారు. మన సేవకు అర్థం అక్కడే ఉంది.

2. మన రైలు మార్గంలో ఒక సాక్ష్యం

మేడ్చల్ మీదుగా నిజామాబాదు వెళ్ళే రైలు మార్గంలో డిచ్‌పల్లి ఉంది. అక్కడ 1915లో వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠరోగుల ఆసుపత్రి ప్రారంభించారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత వారికి సహాయం చేశారు. ఆ రోజుల్లో చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లే చికిత్స. నేటి ఎం.డి.టి. మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. మంచి మందు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే రోగిని ముట్టుకొని సేవ చేసే చేతులు వచ్చాయి.

3. మీరు చేయగల పని

కుష్ఠు వలన, షుగర్ వలన నరాలు దెబ్బతింటే పాదాలకు స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరచినా తెలియదు. నొప్పి లేదు గనుక అలాగే నడుస్తారు. పుండు ఎముక వరకు పోతే కాలు తీయవలసి రావచ్చు. చూపు తగ్గిన వృద్ధులు తమ అరికాలు తాము చూసుకోలేరు. అక్కడ మీ కళ్ళు కావాలి.

– ముందు అనుమతి అడగండి: "తాతా, మీ కాళ్ళు ఒకసారి చూడనిస్తారా?"
– గోరువెచ్చని నీటితో కడగండి. వేడి మీ మోచేతితో చూడండి. ఆయన పాదానికి తెలియదు.
– వేళ్ళ సందులు తడి లేకుండా తుడవండి. పొడిబారిన చర్మానికి నూనె రాయండి, సందుల్లో వద్దు.
– పుండు, బొబ్బ, వాపు, ఎరుపు కనిపిస్తే ఆ రోజే నర్సుకు చెప్పండి. బ్లేడుతో కోయవద్దు, పసరు పెట్టవద్దు.
– ఆయన కోరితే ప్రార్థించండి. కోరకపోయినా సేవలో తేడా రానివ్వవద్దు.

ఎం.డి.టి. సక్రమంగా వాడుతున్నవారి నుండి కుష్ఠు అంటదు. భయపడకండి.

4. కలిసి ఆలోచించండి

అ) ఎవరూ చూడని, ఎవరూ మెచ్చుకోని ఏ పని ఈ నెలలో చేశాము?
ఆ) పేతురు మొదట తన పాదాలు కడగనివ్వలేదు. సేవ అందుకునేవారి సిగ్గును, గౌరవాన్ని మనం ఎలా కాపాడాలి?
ఇ) మన వీధిలో తన పాదాలు తాను చూసుకోలేనివారు ఎవరు?

ప్రార్థన: ప్రభువా, పెద్ద పని కోసం ఎదురుచూస్తూ దగ్గరనున్న మనిషిని దాటిపోకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్