హైదరాబాదు – జెడ్డా : దూరము, కాలము, గడియారము

గత శీతాకాలంలో మా ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చి ఒక సందేహం వెలిబుచ్చినాడు. జెడ్డాలో ఉద్యోగం చేస్తున్న అతని తండ్రి వెళ్ళేటప్పుడు ఉదయం 10 గంటలకు హైదరాబాదులో విమానమెక్కి మధ్యాహ్నం 1.30కు అక్కడ దిగినారు. తిరుగు ప్రయాణంలో, రాత్రి 10 గంటలకు బయలుదేరుతున్నానని కబురు పంపగా, ఇంటివారు దానికి మూడున్నర గంటలు కలుపుకొని ఒంటిగంటన్నరకే శంషాబాదు చేరినారు. విమానం తెల్లవారి 5.30కు గాని దిగలేదు. ఆ నాలుగు గంటలూ ఆ తల్లి పడిన ఆందోళన చెప్పనలవి కాదు. "పోయిన దారినే వచ్చినారు గదా సార్! వచ్చేటప్పుడు అబ్బాజాన్‌కు ఏడున్నర గంటలెందుకు పట్టింది?" అని అతని ప్రశ్న.

గణితం నాకు స్వక్షేత్రం కాదు. అయినా ఈ లెక్క భాషాబోధకునికి సైతం అందేదే.

మొదట దూరం. గోళాకారమైన భూమిపై రెండు స్థలాల నడుమ అతి దగ్గరి మార్గం మహావృత్త చాపం. శంషాబాదు విమానాశ్రయం సుమారు 17°14′ ఉత్తర అక్షాంశం, 78°26′ తూర్పు రేఖాంశం మీద ఉన్నది. జెడ్డా విమానాశ్రయం 21°41′, 39°09′ల మీద ఉన్నది. వీటి మధ్య చాపం భూకేంద్రం వద్ద దాదాపు 37.2 డిగ్రీల కోణం చేస్తుంది. ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున అది ఇంచుమించు 4,135 కిలోమీటర్లు. విమానం పోయే దారి దీనికంటె కొంత ఎక్కువే ఉంటుంది.

ఇక కాలం. విమానం గాలిలో గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకొందాము. గాలి స్తంభించి ఉంటే ఈ దూరానికి 4 గంటల 52 నిమిషాలు చాలును. కాని శీతాకాలంలో ఆ ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. గాలివేగం 80 కిలోమీటర్లయితే, ఎదురుగాలిలో జెడ్డాకు పోయే విమానం నేలను బట్టి 770 వేగంతోనే సాగి 5 గంటల 22 నిమిషాలు తీసుకొంటుంది. తిరిగి వచ్చేది 930 వేగంతో 4 గంటల 27 నిమిషాలలో వస్తుంది. ఇక్కడ ఒక చిత్రం గమనించండి: గాలి ఒకవైపు చేసిన నష్టాన్ని మరొకవైపు పూర్తిగా తీర్చదు. రానుపోను కలిపి చూస్తే, గాలి లేనప్పటికంటె 5 నిమిషాలు అదనమే! నైఋతి ఋతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద పై గాలులు తూర్పు నుండి వీస్తాయి గనుక రాకపోకల తేడా తగ్గుతుంది. ఎక్కుట, దిగుట, నేలపై నడచుట కూడా చేర్చితే శీతాకాలంలో పోవుటకు ఆరు, వచ్చుటకు ఐదు గంటలు.

అనగా అబ్బాయి తండ్రి వేగంగా వచ్చిన ప్రయాణమే ఆలస్యమైనట్లు కనిపించినది! ఇది గడియారం చేసిన మాయ. మన కాలానికి ఆధారం కాకినాడ చేరువగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం. సౌదీ అరేబియాకు 45 డిగ్రీలది. తేడా 37½ డిగ్రీలు. పదిహేను డిగ్రీలకొక గంట చొప్పున రెండున్నర గంటలు. పోయేటప్పుడు ఆరు గంటలలో ఇవి తగ్గి మూడున్నరగా, వచ్చేటప్పుడు ఐదింటికి కలిసి ఏడున్నరగా కనిపించినాయి. టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే అచ్చువేస్తారు.

జెడ్డాలో రాత్రి పది అంటే ఇక్కడ పన్నెండున్నర. ఒంటిగంటన్నరకు ఆ తల్లి శంషాబాదు ద్వారం వద్ద నిలబడి చూస్తున్నప్పుడు, ఆమె భర్త బయలుదేరి గంటే అయినది. విమానం ఇంకా అరేబియా ఎడారి మీదనే ఉన్నది.